ఎడమ సీటు

ఎడారికి పోదామన్న ఆలోచన ముందు ఎవరికి పుట్టిందో ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. నాకేనని తమ్ముడంటాడు. ఫోటోలు చూపించింది నేనైతే నీకెలా పుడుతుందని అన్న అంటాడు. అన్నగారి భార్య లెక్కలో అది ఆలోచనే కాదు. ఆదివారం మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ పీకల దాకా తిని, కుర్చీల్లో కూలబడి, అరక్క మాట్లాడిన మాటల్లో అదొకటి. అలాంటి మాటలు మామూలుగా సాయంత్రం టీతో పోతాయి. ఇది పోలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బండి లేదు, సెలవులు అడగలేదు, ఒంటె ఎక్కేటప్పుడు ఏ రంగు చొక్కా వేసుకోవాలన్న దగ్గర మాత్రం అన్నదమ్ములకు అప్పుడే మాటపట్టింపు వచ్చింది.

ఆ అన్నగారి భార్యను బయట అందరూ బ్రేకు మేడం అంటారు. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్పే కార్లో డ్రైవరు కాళ్ల దగ్గర ఉన్నట్టే ఎడమ సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తే పక్కన కూర్చున్నవాళ్లు తొక్కి బండి ఆపడానికి. మిగతా టీచర్లు ఆ బ్రేకును అవసరం వస్తే తొక్కుతారు. ఈవిడ అనుమానం వస్తే తొక్కుతుంది. అనుమానం ఆవిడకి బండి కదలగానే వస్తుంది. అందుకే ఆ పేరు. వెక్కిరింపుగా పెట్టిన పేరని తెలిసినా ఆవిడ దాన్ని బిరుదులాగే మోస్తోంది.

ఆవిడ కళ్లకు లోకంలో మనుషులు రెండే రకాలు, గుద్దినవాళ్లు, గుద్దబోయేవాళ్లు. స్టీరింగు పట్టుకోగానే భుజాలు చెవుల దాకా లేపేవాళ్లు, అద్దంలో వెనక బండిని చూడమంటే సొంత క్రాపు చూసుకునేవాళ్లు, ఎడమకి అంటే కుడికి తిప్పి "ఏ ఎడమ మేడం?" అని అడిగేవాళ్లు, వీళ్లందరినీ భరించి భరించి ఆవిడ పెదవి విరుపు అలాగే బిగుసుకుపోయింది. నవ్వినా విరిచినట్టే ఉంటుంది. పళ్ల డాక్టరు ఒకాయన నేర్చుకోవడానికి వస్తే, "మీ కుర్చీలో మేం నోరు తెరిచి కూర్చుంటాం కదా, ఈ కుర్చీలో మీరు కళ్లు తెరిచి కూర్చోండి చాలు" అంది. ఆయన అది ఇప్పటికీ తన దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్విస్తాడు. చెప్పేటప్పుడు కొంచెం నొచ్చుకుంటాడు కూడా.

అసలు ఆ స్కూల్లోకి ఆవిడ నేర్పడానికి వెళ్లలేదు. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని రసీదులు రాయడానికి వెళ్లింది. అప్పట్లో ఆడవాళ్లు నేర్చుకోవడం మొదలుపెట్టారు. పక్కన మగ టీచరు కూర్చుంటే వాళ్ల ఇళ్లలో మొహాలు మాడ్చుకుంటున్నారు. స్కూలు ఓనరు చుట్టూ చూశాడు. ఆ గదిలో ఆడమనిషి ఈవిడొక్కతే. గబగబా నేర్పించి, లైసెన్సు ఇప్పించి, లైసెన్సు మీద ఫోటో ఆరకముందే ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. ఆ రోజు కుడి సీట్లోంచి దిగిన మనిషి మళ్లీ ఎక్కింది లేదు. ఇంటికి కారు కొన్నారు. దాని తాళం మొదటి రోజే మొగుడుగారి జేబులోకి వెళ్లింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ అడగలేదు, అది అక్కడే ఉండిపోయింది. ఆ మొగుడికి కారు నేర్పింది మళ్లీ ఈవిడే. స్కూల్లో ఎడమ సీటు, ఇంటి కార్లో ఎడమ సీటు. జుట్టు నెరిసే దాకా కార్లలోనే తిరిగినా ఆవిడ కారు నడిపిన మనిషి కాదు, నడిపేవాళ్లను ఆపిన మనిషి.

మరిదిగారికి టైల్స్ షాపు ఉంది. పని చేసే చోటు మనిషి బుర్రలోకి దిగుతుందంటారు, ఈయన బుర్రలోకి సందుల్లో నింపే గ్రౌటుతో సహా దిగింది. మ్యాపు చూస్తే ఆయనకు తల తిరుగుతుంది. ఏ దారైనా నేల మీద పరిచి చూపిస్తే తప్ప ఎక్కదు. అందుకని ఆదివారం షాపు మూసేశాక షోరూము మధ్యలో శాంపిలు టైల్సుతో ఎడారి పరిచాడు. ఇసుక దిబ్బలకు మట్టిరంగు టైలు. కోటకు గోధుమరంగు గరుకు టైలు. ఉప్పు మైదానం కోసం బాత్రూము తెల్ల టైలు తెచ్చి పెట్టాడు. తోట ఉన్న హోటలుకు ఆకుపచ్చది, మరుగుదొడ్లు ఉన్న పెట్రోలు బంకులకు నీలంవి. వాటి మధ్య గోడ అంచుకు వేసే సన్నటి పట్టీలు దారులు. ఆ నీలం టైల్సు ఎక్కడెక్కడ పెట్టాలన్న చర్చ ఒక ఆదివారమంతా నడిచింది. వదినగారు చూసి, "ఎడారికి పోతున్నారా, మరుగుదొడ్ల తనిఖీకి పోతున్నారా?" అంది.

మొగుడుగారిది కళ్లజోళ్ల షాపు. ఎదుట ఉన్నది ఏమిటో చూడగలిగితే ఆ షాపుకు శోభ, ఆయనకు ఆ భాగ్యం లేదు. ఈ ప్రయాణానికి ఆయన వంతుగా నలుగురికీ నల్ల కళ్లద్దాలు తెచ్చి పంచాడు. ఇంకా సెలవులు ఖాయం కాలేదు, అన్నదమ్ములు మాత్రం షోరూములో, మూసిన షట్టరు వెనక, ట్యూబులైటు కింద నల్లద్దాలు పెట్టుకుని టైల్సు చుట్టూ తిరిగారు. తమ్ముడు కోటను కాలితో తన్నాడు. అన్న ఉప్పు మైదానం మీద టీ ఒలకబోశాడు.

నాలుగో మనిషి తోడికోడలు, అంటే మరిది భార్య. మందుల షాపు కౌంటరులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ల జబ్బులన్నీ విని, తనకు తెలిసినవాళ్ల జబ్బులన్నీ చెప్పి పంపుతుంది. నోట్లో మాట ఆగదు, మనసులో కల్మషం నిలవదు. ఒకప్పుడు తనూ కారు నేర్చుకుంటానని అక్క దగ్గరికే వెళ్లింది. వారం కూడా గడవకముందే అక్కగారు నలుగురి ఎదుటా "నీకు రాదు, దిగు" అంది. ఆ వెర్రితల్లి రోషపడలేదు. అంత తెలిసినావిడ చెప్పింది కాబట్టి నిజమేననుకుని దిగేసి, ఇంటికి వెళ్లి, అదే మాట నవ్వుతూ మొగుడికి చెప్పింది.

తెల్ల టైలుకూ గోధుమరంగు టైలుకూ మధ్య షోరూము నేల ఖాళీగా ఉండేది. ఒక్క పట్టీ తప్ప ఏమీ లేదు, నీలం టైలు కూడా లేదు. అక్కడేమిటని తోడికోడలు అడిగితే మరిది చెప్పాడు. అక్కడ ఏమీ లేదట. ఉప్పు మైదానం నుంచి కోట దాకా దారి గీత గీసినట్టు తిన్నగా పోతుందట. మలుపు లేదు, ఊరు లేదు, సిగ్నలు లేదు, అడ్డం వచ్చేవాడు లేడు. ఎంత దూరం చూస్తే అంత దూరం దారేనట.

బ్రేకు మేడం చేతిలో టీ చల్లారిపోయింది. ఆవిడకి ఆ దారి కావాలి. అంతకుముందు జీవితంలో దేన్నీ అలా కావాలనుకున్నట్టు ఆవిడకి గుర్తు లేదు. నేర్పే కారు ఊరి వీధుల్లో రెండో గేరులో పాకుతుంది, అదృష్టం బాగుంటే మూడో గేరు. టాప్ గేరు గురించి పిల్లలకు నోటితో పాఠం చెబుతుందే గాని, సొంత చేత్తో వేసి, ముందున్న దారిని అలా పోనిచ్చింది ఒక్కసారి కూడా లేదు. పక్కన తప్పు చేసేవాళ్లెవరూ లేకుండా, స్టీరింగు రెండు చేతుల్లో పెట్టుకుని, ఆ ఖాళీలోంచి ఒక్కసారి పోవాలి. అంతే. ఇంకేం అక్కర్లేదు. ఒంటెలూ కోటలూ వాళ్లనే ఏలుకోమనండి.

ఆ మాట నోరు తెరిచి అడిగితే అయిపోయేది. అడగలేదు. ఊళ్లో సగంమందికి కారు నేర్పిన మనిషి, తన దగ్గర నేర్చుకున్న ఇద్దరు దద్దమ్మల్ని పట్టుకుని, నాకూ కాస్త నడపనివ్వండని అడగడమా? వాళ్లే అడగాలి. "నువ్వుండగా మేమెందుకు" అనాలి. అనకపోతారా అని ఆదివారం తర్వాత ఆదివారం ఆవిడ ఎదురుచూసింది. ఎదురుచూస్తున్నంతసేపూ నోటికి పని చెప్పింది. మనిషి కావలసింది అడగలేనప్పుడు కనబడ్డదాన్నల్లా ఎగతాళి చేస్తాడు. ఆవిడకి ఆ విద్యలో ముందునుంచీ మంచి చెయ్యి.

డ్రైవింగు పంచుకునే రోజు వచ్చింది. మరిది టైల్సు మధ్యలో నిలబడి పంచాడు. పొద్దున పూట తను, సాయంత్రం పూట అన్నయ్య. ఆ తిన్నటి దారి చెరిసగం. ఆడవాళ్లకు హాయిగా కిటికీలు. తోడికోడలే ఉండబట్టలేక, "అక్కా, నువ్వు నడపవా?" అంది.

 బ్రేకు మేడం తలెత్తి మొగుడి వైపు చూసింది. ఇంతలో మొగుడుగారు, "తనకెందుకు శ్రమ? ఏడాది పొడుగునా కార్లోనే కదా ఉంటుంది" అన్నాడు. నిజంగా ప్రేమగానే అన్నాడు, అదే వచ్చిన చిక్కు. మరిది అందుకుని, "వదిన ముందు సీట్లో కూర్చుని మమ్మల్ని చూసుకుంటుందిలే. ఆవిడకు అలవాటే" అన్నాడు.

అంటే ఎడారి దాకా వెళ్లి కూడా ఎడమ సీటే.  అడగాల్సింది అప్పుడే. అడక్కుండా, "నాకేం అవసరం? ముందు నీ షాపు గేటు గీసుకోకుండా బండి బయటికి తియ్యవయ్యా, ఎడారి సంగతి తర్వాత చూద్దాం" అంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మరిదే నవ్వాడు. ఆవిడ పరువు దక్కింది, దారి పోయింది.

ప్రయాణానికి మరిది తనకు తెలిసినవాళ్ల పెద్ద బండి ఒకటి మాట్లాడాడు. ఎత్తుగా, నలుచదరంగా, బీరువాకు చక్రాలు పెట్టినట్టుండేది. ముందుగా ఒక ఆదివారం పొద్దున దాన్ని నడిపి చూద్దామని ఊరి చివర గోడౌన్ల వెనక రోడ్డుకు తీసుకెళ్లారు. మరిది స్టీరింగు దగ్గర. వదినగారు ఎడమ సీట్లో. మొగుడుగారూ తోడికోడలూ వెనక. నల్లద్దాలు నలుగురికీ ఉన్నాయి, మగాళ్లిద్దరే పెట్టుకున్నారు.

కొంతదూరం బాగానే పోయింది. ఒక గోడౌను గేట్లోంచి లారీ ఒకటి మెల్లగా వెనక్కి వస్తోంది. బోలెడంత దూరం ఉంది. ఆవిడ ఎప్పటిలాగే ముందే చూసింది. చూసి, కాలు బలంగా తొక్కింది. కాలి కింద చాప తప్ప ఏమీ లేదు. ఇది నేర్పే కారు కాదని కాలికి ఎవరు చెప్పాలి? మళ్లీ తొక్కింది. బండి దాని మానాన అది పోతోంది. పక్కన మరిది స్టీరింగు పట్టుకుని, ముందుకు చూస్తూ, నిదానంగా కూర్చుని ఉన్నాడు. ఏదో జరగాల్సింది జరుగుతుందన్న నమ్మకం ఆ మొహంలో ఉంది. ఆవిడ కేక పెట్టాక గాని చక్రం తిప్పలేదు. తిప్పేసరికి బండి లారీని తప్పించుకుని, సగం కట్టిన ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలోకి ఎక్కి, ముక్కు పైకెత్తి ఆగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముందు అద్దం నిండా ఇసుక కనబడుతోంది. వెనక నుంచి తోడికోడలు, "ఎడారి వచ్చేసిందా?" అంది. పాపం హాస్యానికి అనలేదు, భయంతో నోటికొచ్చింది అనేసింది.

బ్రేకు మేడం ఇక ఆగలేదు. తిన్నటి రోడ్డు మీద ఏనుగంత లారీ కనబడకపోతే ఎడారిలో ఏం కనబడుతుందంది. టైల్సు మీద నడవడానికీ రోడ్డు మీద నడవడానికీ తేడా తెలియాలంది. నల్లద్దాలు పెట్టుకోవడానికి ముందు కళ్లుండాలంది. ఆ మాట కళ్లజోళ్ల షాపు మొగుడికి కూడా తగలాలనే అంది. ఎప్పుడూ తిప్పికొట్టే మరిది తిప్పికొట్టలేదు. జేబురుమాలుతో మెడ తుడుచుకుని, అంతా అయ్యాక మెల్లగా అన్నాడు.

"వదినా, నిజం చెప్పనా? నువ్వు తొక్కుతావనుకున్నాను."

"ఏమిటీ?"

"నీ దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ బ్రేకు నేను పూర్తిగా తొక్కిందే లేదు. నేను కాలు పెట్టేలోపే నువ్వు తొక్కేసేదానివి. నువ్వు లేకపోతే బాగానే నడుపుకుంటాను, షాపుకి రోజూ వెళ్లొస్తున్నాను కదా. నువ్వు పక్కనుంటే మాత్రం నా కాలు నీ కోసం చూస్తుంది."

ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఆవిడ అనబోయింది. ఇంతలో వెనక సీట్లోంచి మొగుడుగారు దగ్గి, "నాకూ అంతే" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఒక విషయం సూటిగా చెప్పడం ఆవిడ వినడం అదే మొదటిసారి. సామెత నోట్లోనే ఉండిపోయింది.

లారీవాళ్లు వచ్చి తోస్తే బండి కిందికి దిగింది. ఆవిడ మరిదిని దిగమని, తను వెళ్లి కుడి సీటు తలుపు తీసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అంతకంటే ఆశ్చర్యం, ఎడమ సీట్లోకి కూడా ఎవరూ రాలేదు. మరిది పరిగెత్తినట్టే వెళ్లి వెనక ఇరుక్కున్నాడు. ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు గాని ఆవిడ నోటికి దగ్గరగా కూర్చునే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది.

ఆవిడ బండి కదిలించింది. గేరు మార్చబోతే కుడి చెయ్యి వెళ్లి ఠక్కున తలుపుకు తగిలింది. ఎడమ సీట్లో కూర్చుని కూర్చుని గేరు కుడి పక్కన ఉంటుందని ఆ చెయ్యి నమ్ముతోంది. సర్దుకుని ఎడమ చేత్తో వేసింది. రోడ్డు ఖాళీగా ఉంది. మూడు గోడౌన్లు, మూడు మూసిన గేట్లు. మొదటి గేట్లోంచి ఏదైనా రావచ్చు, బ్రేకు. రెండో గేటు దగ్గర కుక్క పడుకుని ఉంది, లేస్తుందేమో, బ్రేకు. టార్పాలిను గాలికి కదిలింది, బ్రేకు. మూడో గేరు పడిన పాపాన పోలేదు. వెనక నుంచి సైకిలు మీద ముసలాయన ఒకడు వచ్చి, బండిని దాటి, వెనక్కి తిరిగి జాలిగా చూసి వెళ్లాడు. వెనక ముగ్గురూ కిక్కురుమనలేదు. ఒక్కరైనా నవ్వి ఉంటే ఆవిడ తిట్టి ఊపిరి పీల్చుకునేది. వాళ్లు నవ్వలేదు. రోడ్డు మీద ఒక్క మనిషి తప్పు చేయడం లేదు, ఆవిడ కాలు మాత్రం ఆపుతూనే ఉంది. ఇంటికి వచ్చేసరికి పిక్క బిగుసుకుపోయింది. గురువింద గింజకు తన నలుపు తెలియదంటారు. ఆవిడకి తెలిసింది, తెలిసిన చోటు కాలు కాబట్టి ఎవరి మీదకీ తోయడానికి లేకపోయింది.

ఆ వారం స్కూల్లో ఆవిడ వింతగా ప్రవర్తించింది. పిల్లలకు పాఠం చెబుతూ తన కాళ్లను సీటు కిందికి మడిచి కూర్చుంది. ఒక కుర్రకుంక స్పీడ్ బ్రేకరు వైపు దూసుకుపోతుంటే ఆవిడ రెండు చేతులతో సీటు అంచు పట్టుకుంది. కళ్ల ముందు వాడి తల్లీ తండ్రీ, పోలీసులూ, స్కూలు ఓనరూ అందరూ కనబడ్డారు. వాడు ఆలస్యంగానే అయినా తనంతట తనే బ్రేకు వేశాడు. వేసి, ఆవిడ వేయలేదని గ్రహించి, తెల్లబోయి పక్కకు చూశాడు. బాగా వేశావని చెబితే పోయేది. ఆవిడకి ఆ మాటలు అలవాటు లేవు. "రోడ్డు చూడు, నన్నేం చూస్తావు" అంది. మర్నాడు మళ్లీ భయం వేసి నలుగురికి నాలుగు రకాలుగా తొక్కేసింది. అలవాటు అంత తేలిగ్గా వదిలితే అలవాటెందుకవుతుంది.

తర్వాతి ఆదివారం షోరూములో టైల్సు మళ్లీ పరిచారు. ప్రయాణం మానుకుందామని బ్రేకు మేడమే అంటుందని అన్నదమ్ములు లోలోపల ఆశపడుతున్నారు. మానుకోవడానికి కారణం ఒకటి దొరికితే నేరం ఆవిడ మీద వేసి హాయిగా ఇంట్లో పడుకోవచ్చు. ఆవిడ చెప్పులు విడిచి, టైల్సు మధ్యలోంచి జాగ్రత్తగా నడిచి, తెల్ల టైలుకూ గోధుమరంగు టైలుకూ మధ్య ఖాళీలో నిలబడింది.

"ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా నేను నడుపుతాను" అంది.  "నాకు నడపడం రాదని మొన్న మీరంతా చూశారు. అయినా సరే, నాకు కావాలి."

ఆ ఇంట్లో అందరికీ రాదని తీర్పు చెప్పిన నోరు అది. మరిది చేతిలో ఉన్న నీలం టైలు ఎక్కడ పెట్టాలో తెలియక పొట్టకు ఆనించుకున్నాడు. మొగుడుగారు చాలాసేపు భార్య పాదాల వైపు చూసి, "ముందే అడగొచ్చుగా" అన్నాడు.

"మీరే అడుగుతారేమోనని చూశాను."

ఆయన నల్లద్దాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ ఆ దారి నడిపే రోజు పక్కన తను కూర్చుంటానన్నాడు. వద్దంది. మరిది కూడా అన్నాడు. అతన్నీ వద్దంది. మీ కాళ్లు నా కోసం చూస్తాయి, నా కాలు మీ కోసం చూస్తుంది, ఇద్దరం కలిసి మళ్లీ ఇసుకలోనే తేలతామంది. తోడికోడలి వైపు వేలు చూపించింది.

"అది కూర్చుంటుంది."

"నాకేం తెలీదక్కా" అంది తోడికోడలు కంగారుగా.

"తెలీదు కాబట్టే."

ప్రయాణం సంగతి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. నేల మీద అంత కష్టపడి పరిచిన ఎడారికీ అసలు ఎడారికీ పోలిక ఇసుక ఒక్కటే. తోట ఉందన్న హోటల్లో రెండు కుండీలున్నాయి, అందులో ఒకటి ప్లాస్టిక్కుది. నీలం టైలు పెట్టిన చోట బంకు ఉంది, మరుగుదొడ్డికి తాళం ఉంది, తాళంచెవి ఉన్న మనిషి పెళ్లికి వెళ్లాడు. ఒంటె మీద మరిది ఎక్కడం ఎక్కాడు గాని, అది లేచి నిలబడేసరికి దించమని ఒకటే గోల. ఉప్పు మైదానం చూడగానే మొగుడుగారు అచ్చం మన బాత్రూములానే ఉందన్నాడు, దాన్ని టైలుగా చూసీ చూసీ ఇక మైదానంగా చూడలేకపోయాడు. ఇన్ని ఆదివారాలు పోసి చేసిన పథకం కదా, అలాగే తగలడింది.

ఉప్పు మైదానం దాటాక మొగుడుగారు బండి ఆపి, దిగి, తాళం ఆవిడ చేతిలో పెట్టాడు. అన్నదమ్ములిద్దరూ వెనక కూర్చుని, ఇద్దరూ ఒకేసారి పక్క కిటికీల్లోకి చూడడం మొదలుపెట్టారు. ఎదుట దారి మరిది చెప్పినట్టే ఉంది. ఆ మహానుభావుడు చెప్పినవాటిలో అదొక్కటే నిజం. రెండు పక్కలా ఇసుకా తుప్పలూ, మధ్యలో గీత, ఆ గీత చివర ఆకాశం.

ఆవిడ బయలుదేరింది. రెండు, మూడు. కుడి పాదం బ్రేకు మీదికి పోతుంది, ఆవిడ వెనక్కి యాక్సిలరేటరు మీదికి తెస్తుంది. దూరంగా తుప్ప నీడ చూసి ఒకసారి బ్రేకు వేసింది. ఏమీ లేని చోట ఇంకోసారి వేసింది. వెనక మొగుడుగారి తల ముందు సీటుకు తగిలింది, ఆయన కిక్కురుమనలేదు. తోడికోడలు మాత్రం ఇదేదీ పట్టనట్టు మాట్లాడుతూనే ఉంది. మందుల షాపుకు రోజూ వచ్చే ముసలమ్మ గురించి, ఆవిడ కోడలి మోకాళ్ల గురించి, ఆ మోకాళ్లకు ఎవరో చెప్పిన తైలం గురించి. ఆవిడ ఊఁ కొడుతూ నాలుగో గేరు వేసింది. మడమ పైకెత్తి, పాదాన్ని యాక్సిలరేటరు మీదే నిలబెట్టుకుని, పళ్లు బిగించి నడుపుతోంది.

కాసేపటికి తైలం కథ మధ్యలో ఆగింది. ఏమైందోనని పక్కకు చూసింది. తోడికోడలు నిద్రపోతోంది. తల అద్దానికి ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది, చెయ్యి ఒళ్లో వెల్లకిలా పడి ఉంది.

ఎడమ సీటు గురించి తనకి తెలియనిదంటూ లేదని ఆవిడ ఇన్నాళ్లూ అనుకుంది. ఆ సీట్లో కూర్చుని ఎన్ని వేలమందిని చూసిందో, ఏ ఒక్కరి పక్కనా ఒక్క రెప్పపాటు కళ్లు మూసుకోలేదు. మొగుడు నడుపుతున్నా మూసుకోలేదు. ఆ సీట్లో నిద్ర పడుతుందని కూడా ఆవిడకి తెలియదు. రాదు దిగు అని తను నలుగురిలో దింపేసిన మనిషి, తనను నమ్మి, పసిపిల్లలా పడుకుంది. ఆవిడకి కళ్లు మండాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు.

ఇంకోసారి బ్రేకు వేస్తే దాని తల అద్దానికి కొట్టుకుంటుందని తోచింది. మడమ దించి నేల మీద ఆనించి, పాదం యాక్సిలరేటరు మీద పెట్టింది. కాసేపు అది అక్కడే ఉండేలా చూసుకుంది, తర్వాత చూసుకోవడం మరిచిపోయింది. ఎప్పుడో టాప్ గేరు పడింది. బండి గొంతు తగ్గింది, దారి కిందినుంచి మెత్తగా పోతోంది.

చాలా దూరం పోయాక దారి పక్కన రేకుల పాక ఒకటి, దాని ముందు రెండు బల్లలు కనబడ్డాయి. వెనక నుంచి మొగుడుగారు మెల్లగా, "టీ దొరుకుతుందేమో, కాస్త ఆపరాదూ" అన్నాడు.

పాక పక్కనుంచి వెళ్లిపోయింది.

"అది పడుకుందండీ" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "ఆపితే లేస్తుంది."